లోనూరిలో టమాట

నమోదు 38

పెద్ద పంకా బాగా తిరుగుతోంది. గాలిలో దుమ్ము తక్కువ.

గాలిగది చూసేవాళ్లు పని ముగించి వెళ్లే ముందు రెండు ముక్కలు రాసి పోవాలన్నది లోనూరి నియమం. పంకా సంగతి రాశాక బోలెడు చోటు మిగిలిపోతుంది. ఇవాళ్టి నుంచి ఆ చోటు నేను వాడుకుంటాను.

నాకు మూడో నెల. పొద్దున తిన్న పచ్చముద్ద కడుపులో నిలవలేదు. నిన్నా నిలవలేదు. తొట్లలో పెంచిన నాచుతో చేసే ఆ ముద్ద తప్ప ఇక్కడ మరో తిండి లేదు. పైన ఎండ మనుషుల్ని బతకనివ్వదు కాబట్టి మా తాతల కాలంలోనే ఊరంతా ఈ గుట్ట కడుపులోకి దిగింది. పైపొలాల్లో యంత్రాలు పండించే జొన్నలు ఏడాదికి ఒకసారి కిందికి వస్తాయి. అవి పండుగ రొట్టెలకే చాలవు.

"నీకేం తినబుద్ధయితుంది, చెప్పు" అని అత్తమ్మ అడిగింది.

"పుల్లగ ఏమన్న ఉంటే బాగుండు అత్తమ్మా. ముద్దల కలిపే పొడి పులుపు గాదు. నిజం పులుపు."

నిజం పులుపంటే ఏమిటో నాకూ తెలియదు. ఎప్పుడూ తిననిదాని మీద నోరూరడం వింతగానే ఉంది. ఆమె నా ముఖంలోకి చూసి, "టమాట" అంది. "మా అవ్వ తిన్నది. కోస్తే రసం కారుతదంట. పులుపూ తీపీ రెండూ ఉంటయంట."

"మీరు తిన్నరా?"

"నేనేడ తిన్న? నేను ఈన్నే పుట్టిన."

నమోదు 45

పంకా బాగుంది.

మా అత్తమ్మ పేరు కొమురమ్మ. ఆమె నోటికి లోనూరంతా జడుస్తుంది. పెళ్లి కాకముందు నుంచి మొన్నమొన్నటి దాకా తొట్ల దగ్గర నాచు కలిపింది. ఆ తొట్ల హోరులో మాట్లాడి మాట్లాడి గొంతు పైకి పోయింది. పక్కన కూర్చుని చెప్పినా వీధి చివర ఉన్నవాళ్లకు వినబడుతుంది. అందుకే ఆమె టమాట విత్తనాలు తెప్పించిన సంగతి సరుకుల బండి దిగీ దిగకముందే అందరికీ తెలిసిపోయింది.

విత్తనాల కొట్టు సొరంగం అవతల వేరే ఊళ్లో ఉంది. చల్లటి గదుల్లో పాతకాలపు గింజలన్నీ దాచి ఉంచారు. ఎవరడిగినా ఊరికే పంపిస్తారు. ఎవరూ అడగరు. మొక్కకి వెలుగు కావాలి, ఇక్కడ మనుషులకే వెలుగు వాటా చొప్పున వస్తుంది.

అరచేతిలో చిటికెడు గింజలు. పసుపుపచ్చగా, చదునుగా, ఒంటినిండా సన్నటి నూగుతో ఉన్నాయి. వాటితో పాటు ఎలా వేయాలో చెప్పే చిన్న కాగితం వచ్చింది. ఆమె అది చదివి, "వీళ్లకేం తెలుసు" అని పక్కన పడేసింది.

నమోదు 53

గింజలు మొలకెత్తడానికి వెచ్చదనం కావాలట. కాగితం మళ్లీ తీసి చదివిందని దీన్నిబట్టి తెలిసింది. లోనూరు ఏడాది పొడుగునా చల్లగానే ఉంటుంది. అందుకని సగం గింజల్ని తడిగుడ్డలో చుట్టి, ఆ గుడ్డని చిన్న సంచిలో పెట్టి, నడుముకి కట్టుకుంది. దానితోనే తిరిగింది, దానితోనే పడుకుంది. ఒక పక్కకే ఒత్తిగిలి పడుకోవడం వల్ల మెడ పట్టేసింది.

"మనింట్ల ఇద్దరు కడుపుతోనున్నరు" అని నా భర్త నరహరి నవ్వాడు.

"నవ్వు కొడకా, నవ్వు. రేపు కాయ తినేటప్పుడు గిట్లనే నవ్వు" అంది ఆమె.

ఇవాళ గుడ్డ విప్పింది. ఒక్కో గింజ నుంచి తెల్లటి కొస బయటికి వచ్చి ఉంది. నేను పుట్టాక మొదటిసారి ఒక గింజలో ప్రాణం కదలడం చూశాను. ఎంతసేపు చూశానంటే పనికి ఆలస్యమైంది. రాతిపొడిలో తొట్ల మడ్డి కలిపి, చిన్న గిన్నెల్లో నింపి, వాటిని నాటింది.

నమోదు 62

పంకా బాగుంది. ఇల్లు బాగాలేదు.

నారు చచ్చిపోయింది. నిన్న సాయంత్రం రెండేసి ఆకులతో నిటారుగా ఉన్నవి, పొద్దున లేచేసరికి అన్నీ మట్టి మీద పడుకుని ఉన్నాయి. కాడ మొదట్లో, మట్టిని ఆనుకున్న చోట, దారంలా సన్నబడి నల్లగా మారింది. ఆమె గిన్నెలు ముందు పెట్టుకుని, ఒక్కో కాడనీ వేలితో లేపి చూసింది.  

"నాదే తప్పు" అంది చివరికి. "పొద్దుమాపు నీళ్లు తాపిన. తాగుతున్నయి గదా అని తాపిన. ఎక్కువ తినవెట్టి చంపినట్టాయె."

నేను ఓదార్చబోయాను. ఆమె వినలేదు. లేచి, గిన్నెలు కడిగి, మట్టిని పొయ్యి మీద వేడి చేసి చల్లార్చి, మిగతా సగం గింజలు తీసి కొత్త గుడ్డలో చుట్టింది. నడుముకి కట్టుకుంటూ ఆ కాగితం నా చేతికిచ్చింది.

"మొదటి నుంచి చదువు. ఒక్క మాట ఇడవకు."

తన తప్పు తేలగానే ఇంత తొందరగా మారగలిగినవాళ్లు నాకు తెలిసి మరొకరు లేరు. నేనైతే నెల రోజులు గాలినీ మట్టినీ తిట్టేదాన్ని.

నమోదు 84

రెండోసారి నారు నిలిచింది. తొమ్మిది మొక్కలు. కానీ అవి వెలుగు వెతుక్కుంటూ సన్నగా, పాలిపోయి, ఒకవైపుకి వంగి సాగుతున్నాయి. మా ఇంటి దీపం వాటికి చాలదు.

దీపాల పంపకం చూసేది జంగయ్య మామ. ఆయన దగ్గరికి అత్తమ్మతో పాటు నేనూ వెళ్లాను.

"కొమురక్కా, నీకిస్తే రేపు ఇంకొకరు అడుగుతరు" అన్నాడాయన. "ముసలోళ్ల కీళ్లకు దీపం చాల్తలేదు, పోరగాండ్ల చదువుకు చాల్తలేదు. చెట్లకిస్తనా?"

"నా వాటా నేను ఇచ్చుకోవచ్చునా?"

"అది నీ ఇష్టం. నీ కీళ్లు నీ ఇష్టం."

"అయితే ఇస్తున్న."

లోనూరిలో ప్రతి మనిషికీ రోజూ కొంతసేపు తీవ్రమైన దీపం కింద కూర్చునే హక్కు ఉంది. పాతకాలంలో ఎండ ఇచ్చిన బలం మనకి ఆ దీపమే ఇవ్వాలి. అది మానేస్తే ముసలివాళ్లకి ఎముకలు నొప్పి పుడతాయి. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఇంటికి వచ్చి తన దీపం కింద మొక్కల్ని పెట్టి, తాను గోడ పక్కన మసక చీకట్లో కూర్చుంది. నరహరి పోట్లాడాడు. నేనూ పోట్లాడాను. నా కోసం ఆమె మంచాన పడితే ఆ పులుపు నాకు గొంతు దిగుతుందా?

"నీ ఒక్కదాని కోసం అనుకుంటున్నవా?" అంది. "ఇన్నేండ్లు నాచు తిన్న. నాకు గూడ తినాల్నని ఉండదా?"

అది అబద్ధమో నిజమో ఇప్పటికీ తెలియదు.

నమోదు 90

పంకా బాగుంది. కింద నేల సన్నగా అదురుతున్నట్టు అనిపించింది. బోల్టులు బిగించాను.

పక్కింటి రత్నమాల పొద్దున్నే వచ్చింది. అత్తమ్మ చీకట్లో కూర్చోవడం ఆమె తలుపు సందులోంచి రోజూ చూస్తోందట. "ఒక మొక్క మా ఇంట్ల పెట్టు కొమురక్కా. మా దీపం కింద అదొక్కటి పడుతది. నువ్వొచ్చి నీ దీపం కింద కూసో" అంది.

సాయంత్రానికి ఎదురింటివాళ్లు రెండు అడిగి తీసుకెళ్లారు. అటు తర్వాతి ఇంటివాళ్లు ఒకటి. తొమ్మిది మొక్కలూ వీధంతా సర్దుకున్నాయి. ఇంట్లో చోటు లేని చివరిదాన్ని, అన్నిటికన్నా బక్కదాన్ని, నేను గాలిగదికి తెచ్చుకున్నాను. ఇక్కడ పంకా కొలతల ముళ్లు చూడటానికి ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు అత్తమ్మకి రోజంతా వీధిలోనే పని. ఒక్కో ఇంటికీ వెళ్లి ఆకు తిప్పి చూస్తుంది, మట్టిలో వేలు పెట్టి చూస్తుంది, ఇంటివాళ్లని తిడుతుంది. తిట్లు తిన్నవాళ్లు ఎవరూ మొక్కని తిరిగి ఇచ్చేయలేదు.

నమోదు 97

మొక్కల్ని పెద్ద కుండీల్లోకి మార్చింది. సన్నగా సాగిన కాడని మెడ దాకా, కిందివైపు ఆకులు తుంచేసి, మట్టిలోకి దించింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"పాతిపెడుతున్నరేంది?"

"మట్టి తాకితే కాడ నుంచి గూడ వేర్లు వస్తయంట. కాగితంల ఉన్నది." తర్వాత గర్వంగా, "ఇది మాత్రం వాళ్లకు తెలుసు" అని ఒప్పుకుంది.

ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. ఘాటుగా, పచ్చిగా, ఒక రకమైన చేదు కలిసిన వాసన. ఏ వాసన చూసినా వాంతి వచ్చే రోజుల్లో ఆ వాసనకి మాత్రం రాలేదు. పనికి వచ్చాక కూడా వేళ్లు చూసుకుంటూ కూర్చున్నాను.

నమోదు 118

పూలు!

రత్నమాల ఇంట్లో మొదలయ్యాయి. పసుపుపచ్చటి చిన్న చుక్కలు, తలకిందులుగా వేలాడుతూ, రేకులు వెనక్కి విరిచి. వీధివీధంతా వచ్చి చూసింది. ఎన్నడూ పువ్వు చూడని ముసలాయన ఒకరు దాని ముందు చేతులు జోడించాడు. అత్తమ్మ పెళ్లికూతురి తల్లిలా తలుపు దగ్గర నిలబడి, ఒక్కొక్కరినే లోపలికి పంపింది. ముట్టుకోబోయిన వాళ్ల చేతుల మీద కొట్టింది.

నమోదు 127

పూలు రాలిపోతున్నాయి. పూసినవి పూసినట్టే, కాడతో సహా, పసుపురంగుకి తిరిగి ఊడి కింద పడుతున్నాయి. ఒక్కటీ పిందె కాలేదు.

అత్తమ్మ నీళ్లు తగ్గించి చూసింది, పెంచి చూసింది. మడ్డి వేసింది. దీపం దించింది, ఎత్తింది. కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. పాతకాలంలో ఇది అసలు చెప్పాల్సిన విషయమే కాదేమో.

నా కడుపు ఇప్పుడు బయటికి కనిపిస్తోంది. ముద్ద కొంత నిలుస్తోంది, కానీ నేను పెరగాల్సినంత బరువు పెరగలేదని వైద్యురాలు అంది. అత్తమ్మ ఆ మాట విని వచ్చి, రాలిన పూలన్నీ ఏరి ఒడిలో పోసుకుని కూర్చుంది.

"అన్నీ చేసిన గదా" అంది. ఆ గొంతు మా గది దాటి బయటికి పోలేదు.

నమోదు 133

ఇది పంకా సంగతి కన్నా ముందు రాస్తున్నాను. గాలిగదిలోని బక్కమొక్కకి పిందె ఉంది. మిరియపు గింజంత, పచ్చగా, ఎండిన పువ్వు ఇంకా దాని మూతికి అంటుకుని. ఒకటి కాదు, మూడు.

అత్తమ్మని పిలిపించాను. వచ్చి, కళ్లు దగ్గరగా పెట్టి చూసి, నేల మీద కూలబడింది.

"ఈడ ఏమున్నది? ఏం తాపినవ్?"

"మీరు చెప్పినయే. వేరే ఏం లేదు."

ఆమె అరచెయ్యి నేల మీద ఉంది. ఉన్నట్టుండి ఆ చేతినే చూసుకుంది. "అదురుతున్నది" అంది. తర్వాత మొక్క వంక చూసింది. పూలు కూడా పంకా అదురుకి సన్నగా వణుకుతున్నాయి. మా ఇళ్లలో గాలి నిలువ నీరులా ఉంటుంది. ఏదీ కదలదు. పువ్వు లోపలి పుప్పొడి పువ్వు లోపలే రాలాలన్నా ఎవరో ఒకరు కదపాలి. పైన ఆ పని గాలీ తుమ్మెదలూ చేసేవి.

ఆమె లేచి పరుగెత్తింది. ఆ వయసులో ఆమె పరుగెత్తగలదని నాకు తెలియదు. నేను ఇంటికి చేరేసరికి వీధిలోని ప్రతి మొక్క దగ్గరా ఒక మనిషి నిలబడి, పూగుత్తి వెనక కాడని చూపుడువేలితో చిన్నగా మీటుతున్నారు. అత్తమ్మ మధ్యలో నిలబడి అరుస్తోంది.

"మెల్లగ! చెంపదెబ్బ గాదు, పసిపిల్లను లేపినట్టు లేపాలె!"

నమోదు 146

వీధంతా పిందెలు. ఇది గొప్ప వార్త.

పంకా అదురు ఎక్కువైంది. ఇది ఇంకో వార్త. ఈ అదురే మాకు కాయలిచ్చింది కాబట్టి దాని మీద నాకు ప్రేమ పుట్టింది. అందువల్లే కావచ్చు, బోల్టులు బిగించడంతో సరిపెట్టుకున్నాను. ఇవాళ మాత్రం చెవి ఆనించి విన్నాను. లోపల బేరింగు గరగరమంటోంది.

అది విరిగిందంటే కింది వీధులకి గాలి ఆగిపోతుంది. విరగకముందే పంకా ఆపి మార్చాలి. ఆపినన్నాళ్లూ చిన్న పంకాలన్నీ ఒకేసారి తిప్పాలి. వాటికి కరెంటు చాలాలంటే దీపాలన్నీ ఆర్పాలి. వైద్యశాలా తొట్లూ తప్ప. వారం పైనే పడుతుంది.

వెలుగు లేకుండా వారమంటే, కాయలు మోస్తున్న మొక్కల సంగతి నాకు తెలుసు.

ఇంటికి వెళ్లి ముందు అత్తమ్మకి చెప్పాను. చెబుతూ ఏడ్చేశాను. ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు.

"జంగయ్యకు చెప్పినవా?"

"ఇంకా లేదు. ముందు మీకు..."

"నాకెందుకు ముందు? గాలి లేనింక టమాట ఎవలు తింటరు? పో. ఇప్పుడే పోయి చెప్పు."

చెప్పాను. రేపటి నుంచి దీపాలు ఆర్పుతున్నారు.

నమోదు 147

పెద్ద పంకా ఆగింది. నేను ఈ గదిలో పనికి చేరాక ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. నరహరీ అతని తోటి పనివాళ్లూ పంకా విప్పడం మొదలుపెట్టారు.

చీకటి వీధిలో చేతిదీపంతో అత్తమ్మ ఇంటింటికీ వెళ్లింది. ఆమె ఏం చెప్పిందో నాకు ఇంటికి వెళ్లాకే తెలిసింది. మొక్కల్ని పైకి మోసుకుపోతుందట. గుట్ట మీదికి. నిజం ఎండలోకి.

"ఇది మాఘమాసం. పొద్దు పొడిచినంక కొంతసేపు పైన నిలబడొచ్చు. పైపొలం యంత్రాలు బాగుచేసేటోళ్లు నిలబడుతలేరా?" అంది.

"లిఫ్టు ఆపిన్రు అవ్వా. ఏటవాలు దారంత ఎక్కాలె" అన్నాడు నరహరి.

"కాళ్లెందుకున్నయి?"

నేను లేవబోయాను. ఆమె నా భుజం పట్టి కూర్చోబెట్టింది. "నువ్వు మోసేది నువ్వు మోస్తనే ఉన్నవ్. కూసో."

నమోదు 148

గాలిగది పైద్వారానికి పక్కనే ఉంటుంది. అందుకే అంతా చూశాను.

ముందు అత్తమ్మ. నెత్తి మీద చుట్టకుదురు, దాని మీద కుండీ. వెనక రత్నమాల, ఎదురింటివాళ్లు, ఆ వెనక వీధివాళ్లు ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటూ. రొప్పుతూ, చెమటలు కక్కుతూ ద్వారం ముందు ఆగారు. అందరికన్నా చివర జంగయ్య మామ ఒక కుండీని పొట్టకి కరుచుకుని వస్తున్నాడు. నన్ను చూసి, "దీపం ఇయ్యలేకపోతి గదా" అన్నాడు.

తలుపు తెరిచారు. అప్పుడే పొద్దు పొడుస్తోంది. వీళ్లలో చాలామంది ఆకాశం చూడటం ఇదే మొదలు. ఒకరిద్దరు కళ్లు మూసుకుని గోడకి చేరబడ్డారు. అత్తమ్మ మాత్రం ఆకాశం వంక చూడలేదు. కుండీలు దించి, ఆకుల వంకే చూస్తూ ఉంది. ఎండ తాకిన కాసేపటికే ఆకులు వాలాయి. దీపాల కింద పెరిగిన మొక్కలకి అంత వెలుగు అలవాటు లేదు. ఆమె తన పైట విప్పి రెండు మొక్కల మీద నీడగా పట్టింది. అది చూసి మిగతా ఆడవాళ్లూ పట్టారు. మగవాళ్లు కండువాలు పట్టారు. పలచటి బట్టల కింద ఆకులు మెల్లగా తేరుకున్నాయి.

గాలి వీచింది. పంకా గాలి కాదు. పూగుత్తులన్నీ వాటంతటవే ఊగాయి. ఎవరూ వేలు పెట్టాల్సిన పని లేకపోయింది.

అప్పుడు తలెత్తి చూసింది ఆమె.

నమోదు 151

రోజూ ఎక్కుతున్నారు, రోజూ దిగుతున్నారు. బేరింగు బిగించడం సగమైంది. నరహరి ఇంటికి రావడం లేదు, ఇక్కడే ఇంత తిని ఇక్కడే పడుకుంటున్నాడు.

అత్తమ్మ మోకాళ్లు వాచాయి. రాత్రి కాపడం పెడుతూ రేపు ఆగమన్నాను. "రేపు నీడ కొంచెం తగ్గించాలె. ఎండకు అలవాటైతున్నయి" అంది. నా మాట ఆమె చెవిన పడనే లేదు.

నమోదు 153

ఇవాళ ఎండ ముందుగా ముదిరింది. హెచ్చరిక గంట మోగింది. అందరూ కుండీలు ఎత్తుకుని లోపలికి పరుగెత్తారు. నేను ద్వారం దగ్గర నిలబడి వచ్చినవాళ్లని లెక్క చూస్తున్నాను. అత్తమ్మ లేదు.

బయట దూరంగా, ఒక కుండీ ముందు వంగి ఉంది. గాలికి మొక్క కర్రతో సహా ఒరిగింది, దాన్ని నిలబెడుతోంది. "అత్తమ్మా!" అని అరిచాను. ఆమె చెయ్యి ఊపింది. కుండీ ఎత్తింది, రెండడుగులు వేసింది, నెమ్మదిగా మోకాళ్ల మీద కూర్చుంది. కుండీని జాగ్రత్తగా కింద పెట్టింది. పక్కకి ఒరిగిపోయింది.

నేను గడప దాటాను. నరహరి నా చెయ్యి పట్టి వెనక్కి లాగి, తాను పరుగెత్తాడు. అతని వెనక జంగయ్య మామ. బయట గాలి పొయ్యి నోటిలోంచి వచ్చినట్టు ఉంది. నరహరి తల్లిని భుజం మీద వేసుకుని వచ్చాడు. జంగయ్య మామ ఆ కుండీ తెచ్చాడు. తలుపు మూశాక ఆయన చేతులు చూశాను. మట్టికుండీ కాలి అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి.

"అది ఆడ వదిలేసొస్తే లేచినంక నన్ను బతకనిస్తదా?" అన్నాడు.

ఆమె కళ్లు తెరవలేదు. వైద్యశాలకి మోసుకెళ్లారు.

నమోదు 154

ఇంకా స్పృహ లేదు. రత్నమాల పొద్దున మొక్కల్ని పైకి తీసుకుపోయింది. ఎవరూ చెప్పలేదు ఆమెకి.

నమోదు 155

కళ్లు తెరిచింది. పక్కన నేనే ఉన్నాను. నీళ్లు తాగించాను. మొదటి మాట ఏమిటో రాయాల్సిన పని లేదు. మొక్కలు బాగున్నాయని చెప్పాను. నమ్మలేదు. జంగయ్య మామ కట్టు కట్టిన చేతులతో వచ్చి చెప్పాక నమ్మింది.

"కాయలు రాలినయా?"

"ఒక్కటి రాలింది."

"ఏ ఇంటిది?"

చెప్పాడు. ఆమె ఆ ఇంటివాళ్లని మంచం మీది నుంచే తిట్టింది. వైద్యురాలు వచ్చి గొంతు తగ్గించమంది. ఆ గొంతు విని నేను బయటికి వెళ్లి గోడకి ఆనుకుని ఏడ్చాను. నా పెళ్లైన కొత్తలో ఆ గొంతంటేనే భయపడి ఏడ్చేదాన్ని.

నమోదు 157

పెద్ద పంకా మళ్లీ తిరుగుతోంది. కొత్త బేరింగు. నేల అదరడం లేదు. దీపాలు వెలిగాయి.

జంగయ్య మామ నలుగురినీ అడిగి, వీధి చివర ఒక దీపం మొక్కల పేరు మీద వేయించాడు. గాలిగది మొక్క తప్ప కుండీలన్నీ దాని కింద చేరాయి. పొద్దున్నే వచ్చి కాడలు మీటేది కూడా ఆయనే.

నమోదు 181

పంకా బాగుంది.

నా నడక బాతు నడకలా ఉంది. మూడు రోజుల కింద గాలిగది మొక్క మీది పెద్ద కాయ అడుగున తెల్లబడింది. తర్వాత లేత నారింజ. ఇవాళ ఎరుపు. హెచ్చరిక దీపాలు తప్ప ఎర్రగా మెరిసేది ఇంకేదీ లేని ఊళ్లో, అలా చేతికందేంత దగ్గరగా ఒక ఎరుపు వేలాడుతుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను.

అత్తమ్మ కర్ర ఆనించుకుని పైదాకా వచ్చింది. మోకాళ్లు ఇంకా పూర్తిగా బాగుపడలేదు. తానే కోసింది. కాడ దగ్గర చిన్న చప్పుడైంది. రెండు చేతులా పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. నేను వెనక. నా వెనక వీధి.

గిన్నె ముందు పెట్టి, కత్తితో రెండు చెక్కలు చేసింది. రసం ఆమె మణికట్టు దాకా కారింది. లోపల చిన్న చిన్న గదుల్లో జిగురు కప్పుకున్న గింజలు. వాటిని వేలితో గిన్నెలోకి దోసింది. రెండు మూడు రోజులు నీళ్లలో నానబెడితే ఆ జిగురు పోతుందట. ఏ ఇంటికి ఎన్ని గింజలో వీధివాళ్లు అప్పుడే అనుకున్నారు.

"తిను" అని పెద్ద ముక్క నాకిచ్చింది. "గింజ మింగితే చూడు మరి!"

ఒక పక్క కొరికాను. చల్లగా, మెత్తగా, ఆ తర్వాత పులుపు. నాలుక పక్కల నుంచి దవడల దాకా లాగేసింది. దాని వెనకే తీపి నెమ్మదిగా వచ్చింది. నేను ఇన్ని నెలలు కోరుకున్నది ఇదేనా? ఇదే. ఎప్పుడూ తినకపోయినా గుర్తుపట్టాను. తల ఊపాను. ఒక గింజ మింగేశాను కూడా, చెప్పలేదు.

మిగిలింది అత్తమ్మ గోరంత గోరంత ముక్కలు చేసి అందరికీ పంచింది. రత్నమాలకి, ఎదురింటివాళ్లకి, జంగయ్య మామకి, నరహరికి. నాలుక మీద పెట్టుకుని ఎవరికి వారు కళ్లు మూసుకున్నారు. ఆమె చేతిలో ఏమీ మిగల్లేదు. నేను చూస్తూనే ఉన్నాను. అందుకే నా ముక్కలో సగం తినకుండా అట్టిపెట్టాను.

"నోరు తెరువుండ్రి."

"నాకొద్దు, నువ్వు..."

ఆ మాట మధ్యలోనే ముక్క నోట్లో పెట్టేశాను.

ఆమె నమలడం ఆపి, మళ్లీ నమిలింది. కళ్లు చిన్నవయ్యాయి. వీధంతా ఆమె ముఖంలోకి చూస్తోంది. మింగింది. మణికట్టు మీద ఆరిన రసాన్ని కూడా నాకింది. ఎవరికీ వినపడనంత మెల్లగా నాతో అంది:

"ఇంకోటి కోసుకరా."

"మిగతయి ఇంకా పండలేదు అత్తమ్మా. పచ్చిగనే ఉన్నయి."

"పచ్చిదైతే ఏమాయె? పో, కోసుకరా."